సీయోను: నామమొకటి, గమ్యములు రెండు

పేరు తాను పుట్టిన నేలకంటె పెద్దదగుట లోకమున అరుదు కాదు. కాశి గంగయొడ్డున నున్నను వేములవాడను దక్షిణకాశి యనుట వాడుక. ఏ కాలువలో స్నానమాడినను గంగను తలచుకొనుట ఆచారము. ఇట్లు తన నేలను విడిచి దూరదేశములకు పోయిన పేర్లలో సీయోను ఒకటి. తెలుగు బైబిలు చదివినవారికిని, పల్లెలలోని క్రైస్తవ ప్రార్థనాలయముల పేర్లు చూచినవారికిని ఈ మాట క్రొత్త కాదు. ఈ యొక్క మాటనే గడచిన నూరు నూటయిరువది యేండ్లలో రెండు జనసముదాయములు తమ ఆశకు పేరుగా పెట్టుకొనెను. ఒకరు యూదులు, వారిలో ఒక వర్గమువారు దానిని రాజకీయోద్యమముగా మలచి రాజ్యమును స్థాపించిరి. రెండవవారు జమైకా ద్వీపమునందలి రాస్తఫారీలు. వారు దానిని పాటగా పాడిరి. ఒకరి సీయోను యెరూషలేము, ఇంకొకరి సీయోను ఇథియోపియా. ఇరువురికిని ఆధారము ఒకే గ్రంథము. అట్లయ్యును త్రోవలేల వేరయ్యెను, ఆ త్రోవల చివర ఎవరికేమి దొరికెను, ఎవరికేమి పోయెను అనునది తెలిసికొనదగిన చరిత్ర.

మొదట సీయోను ఒక చిన్న కోట పేరు. యెరూషలేమునకు ఆగ్నేయమున ఇరుకైన గుట్టపై యెబూసీయులను జనుల దుర్గమొకటి యుండెను. దావీదు రాజు దానిని పట్టుకొని తన పట్టణముగా చేసికొనెనని సమూయేలు రెండవ గ్రంథము చెప్పుచున్నది. అతని కుమారుడు సొలొమోను ఆ గుట్టకు ఉత్తరమున ఆలయము కట్టించిన పిదప ఆ పేరు ఆలయపు కొండకు ప్రాకెను. క్రమముగా పట్టణమంతటికిని, దేశమంతటికిని, తుదకు ఆ జనులకే పేరయ్యెను. మరియొక వింత కలదు. నేడు యెరూషలేములో యాత్రికులకు సీయోను కొండ యని చూపునది దావీదు పట్టుకొన్న గుట్ట కాదు. అది ప్రాతపట్టణమునకు నైరృతి దిక్కున, 16వ శతాబ్దమున తురుష్క సుల్తాను సులేమాను కట్టించిన ప్రాకారమునకు వెలుపల నున్న వేరొక కొండ. అనగా ఈ పేరు తన ఊరిలోనే ఒక గుట్ట దిగి మరియొక గుట్ట నెక్కినది. ఇక సముద్రములు దాటుటలో ఆశ్చర్యమేమి?

క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకొని, ఆలయమును కాల్చి, ప్రజలలో పెద్దలను, పనివారలను చెరపట్టి తన దేశమునకు కొనిపోయెను. కీర్తనల గ్రంథమునందలి 137వ కీర్తన ఆ చెరను గూర్చినది. ఏటిగట్టున కూర్చుండి, పరుల నేలపై పాట నోటరాక, తమ ఊరిని తలచి కుమిలిన వారి గోడు అందు కలదు. అప్పటినుండి సీయోను అను మాటకు అర్థము మారెను. ఇంటనున్నవానికి కోటయైనది ఇల్లు పోయినవానికి ఇల్లయ్యెను. దాని కెదురుగా బబులోను అను పేరు చెరకును, గర్వించిన ప్రభుత్వమునకును గుర్తుగా నిలిచెను. ఈ రెండు పేర్ల జంటయే తరువాతి కథ కంతటికిని మూలము.

ఆ మొదటి చెర ఏబది యేండ్లు నిండకమునుపే ముగిసెను. క్రీ.పూ. 538లో పారసీక చక్రవర్తి కోరెషు యూదులు మరలి పోవచ్చునని ఆజ్ఞ యిచ్చెను. రెండవ ఆలయము లేచెను. క్రీ.శ. 70లో రోమనులు దానిని నేలమట్టము చేసిరి. 135లో యూదుల తిరుగుబాటును అణచిన పిమ్మట వారిని యెరూషలేములో అడుగిడనీయరైరి. గలిలయ ప్రాంతమున కొందరు నిలిచినను, జనములో అధికభాగము దేశదేశములకు చెదరెను. వారు ఏ దేశముననున్నను యెరూషలేము దిక్కునకు తిరిగి ప్రార్థించిరి; వార్షిక పండుగలో మరుసటియేడు అచ్చట కలిసికొందుమని కోరుకొనిరి. 12వ శతాబ్దమున స్పెయిను దేశపు హెబ్రూ మహాకవి యెహూదా హలేవీ సీయోనును గూర్చి విరహగీతములు రచించి, ముదిమిలో ఇల్లు విడిచి 1140లో ఆ దేశమునకు ప్రయాణమయ్యెను. అయినను సామాన్యులకు అది ప్రార్థనలోని మాట. దైవము పంపు మెస్సీయ వచ్చి నడిపింపవలసిన ప్రయాణమేగాని టిక్కెట్టు కొని పోవలసినది కాదు.

ఆ మాటను ప్రార్థననుండి రాజకీయములోనికి దించినది ఐరోపాలోని ద్వేషము. 1881లో రష్యా చక్రవర్తి హత్యకు గురియైన పిదప ఆ దేశమున యూదుల ఇండ్లపై దోపిడులు, హత్యలు చెలరేగెను. లక్షలమంది అమెరికాకు వలసపోయిరి. కొలదిమంది మాత్రము సీయోను ప్రియులను పేరుతో సంఘములు కట్టి, తురుష్కుల పాలనలోనున్న పాలస్తీనాలో పొలములు కొని సేద్యము నారంభించిరి. 1890లో నేథన్ బిర్న్‌బౌమ్ అను రచయిత ఈ ప్రయత్నమునకు సీయోనువాదము, అనగా జియోనిజము, అను పేరు పెట్టెను.

ఆ పేరునకు సంస్థాబలము నిచ్చినవాడు థియొడోర్ హెర్జల్. ఇతడు 1860లో బుడాపెస్టు నగరమున జన్మించి, వియన్నాలో పత్రికారచయితగా ప్రసిద్ధి కెక్కెను. మతాచారములందు పట్టుదల గలవాడు కాడు. 1894లో ఫ్రాన్సు సైన్యమునందలి యూదు అధికారి డ్రేఫసు మీద మోపిన దొంగనేరమును, ఆ సందర్భమున పారిసు వీథులలో చెలరేగిన యూదు ద్వేషమును కన్నులార చూచెను. 1896లో యూదు రాజ్యమును గూర్చి చిన్న గ్రంథము ప్రకటించెను. మరుసటి యేడు ఆగస్టు 29న స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున మొదటి సీయోను మహాసభ కూడెను. అది మొదట మ్యూనికు నగరమున జరుగవలసినది; అక్కడి యూదులే వలదనుటచే తావు మార్చిరి. మెస్సీయ చేయవలసిన పనిని మనుష్యులు చేయుట పాపమని కొందరు, తాము జర్మనులమే గాని వేరుజాతి కామని మరికొందరు అడ్డుపడిరి. సభ మాత్రము పాలస్తీనాలో యూదు జనమునకు లోకన్యాయముచే స్థిరపరుపబడిన నివాసము కావలెనని తీర్మానించెను. సీయోను అప్పటినుండి తీర్మానము, చందా, బ్యాంకు, భూమినిధి అయ్యెను.

అయితే ఆ ఉద్యమములోనే సీయోను అనగా ఏమి యను వాదము తీరలేదు. 1903లో బ్రిటిషువారు తూర్పు ఆఫ్రికాలో, నేటి కెన్యాలోని యొక భాగమున, యూదులకు చోటిత్తుమనిరి. రష్యాలో హతులగుచున్న వారికి తక్షణాశ్రయముగా దీనిని పరిశీలింతమని హెర్జల్ వాదించెను. అందుకు అధికముగా అడ్డుపడినవారు ఆ రష్యా యూదులే! సీయోను లేని సీయోనువాదమేల యని వారి ప్రశ్న. 1904లో హెర్జల్ మరణించెను. 1905లో మహాసభ ఆ యోచనను త్రోసిపుచ్చెను. మరియొకప్రక్క అహద్ హఆమ్ అను కలముపేరుగల పండితుడు, రాజ్యముకంటె ముందు భాషయు సంస్కారమును బ్రదుకవలెననియు, సీయోను యూదుల హృదయమునకు కేంద్రము కావలెననియు వ్రాసెను. అతడు 1891లోనే పాలస్తీనాను తిరిగి చూచివచ్చి, అది బీడుపడిన శూన్యదేశము కాదనియు, దున్నదగిన నేల చాలవరకు అరబ్బు రైతులు దున్నుచునే యున్నారనియు హెచ్చరించెను. ఆ హెచ్చరికను విన్నవారు కొద్ది.

1917 నవంబరు 2న బ్రిటిషు విదేశాంగమంత్రి బాల్ఫరు ఒక చిన్న జాబు వ్రాసెను. పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసమునకు తమ ప్రభుత్వము అనుకూలమనియు, అచ్చటి యూదేతరుల పౌరహక్కులకును మతహక్కులకును భంగము రాకూడదనియు దాని సారాంశము. ఆ నాటికి ఆ దేశము బ్రిటిషువారిది కాదు. అక్కడి జనులలో పదింట తొమ్మిదిపాళ్లు అరబ్బులు. వారిని జాబు పేరుపెట్టియైనను పిలువలేదు. యుద్ధానంతరము బ్రిటిషువారి యేలుబడి వచ్చెను, వలసలు పెరిగెను. యూదు భూమినిధి యెజ్రెయేలు లోయలో విశాలమైన పొలములను బేరూతులోని సుర్సోకు కుటుంబమువారియొద్ద రొక్కమిచ్చి కొనెను. పత్రమున దోషము లేదు. కాని పట్టా బేరూతులోని షావుకారుది. నాగలి ఊరిలోని కౌలుదారుది. పట్టా చేతులు మారిన దినమున నాగలి వీథిలో పడెను. ఏ దేశపు పల్లెలోనివారికైనను ఈ సంగతి విప్పిచెప్ప నక్కరలేదు.

ఇంతలో జర్మనీలో హిట్లరు రాజ్యము వచ్చెను. 1938లో ఫ్రాన్సులోని ఎవియాను పట్టణమున 32 దేశముల ప్రతినిధులు కూడి యూదు శరణార్థులను గూర్చి జాలిపడిరిగాని, తలుపులు తెరచినవారు మిక్కిలి కొద్దిమంది. 1939లో బ్రిటిషువారు పాలస్తీనాకు రాదగిన యూదుల సంఖ్యను అయిదేండ్లకు 75,000గా కట్టడిచేసిరి. యుద్ధము ముగియునాటికి అరువది లక్షలమంది యూదులు హతులైరి. అట్టివారికి సీయోను పాటలోనున్న చాలునని ఎవరు చెప్పగలరు? ప్రాణము నిలుపుకొనుటకు ఒక వాకిలి కావలసియుండెను. సీయోనువాదమునకు లోకమున కలిగిన సానుభూతికి ఇది ముఖ్యకారణము.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33 దేశముల సమ్మతితో, 13 దేశముల అసమ్మతిపై, పాలస్తీనా విభజనను అంగీకరించెను. వలదన్నవారిలో భారతదేశ మొకటి. అప్పటికి ఆ దేశమున అరబ్బులు 12 లక్షలకు పైగాను, యూదులు 6 లక్షలకు పైగాను ఉండిరి. యూదుల సొంతభూమి మొత్తములో సుమారు 6 లేక 7 పాళ్లు. మిగిలినదానిలో అరబ్బుల పొలములతోపాటు ప్రభుత్వభూమియు, ఎడారియు చాల కలదు. విభజనచే యూదు రాజ్యమునకు వచ్చినది సుమారు 55 పాళ్లు. 1948 మే 14న ఇస్రాయేలు రాజ్యము ప్రకటింపబడెను. ఆ సంవత్సరములలో జరిగిన యుద్ధమున సుమారు 7 లక్షల పాలస్తీనా అరబ్బులు ఇల్లు వాకిళ్లు కోల్పోయి శరణార్థులైరి. వారు దానిని నక్బా, అనగా మహావిపత్తు, అందురు. తరువాతి యేండ్లలో ఇరాకు, యెమెను, మొరాకో మొదలగు దేశములనుండి లక్షల యూదులు తమ ఇండ్లు విడిచి ఇస్రాయేలునకు వచ్చిరి. 1950లో చేసిన మరలివచ్చు హక్కు చట్టము ఏ దేశపు యూదునికైనను వాకిలి తెరచెను. 1948లో వెడలిపోయిన అరబ్బునకు ఆ వాకిలి తెరువలేదు. 1967 యుద్ధమున తూర్పు యెరూషలేము, పశ్చిమతీరము, గాజా కూడ ఇస్రాయేలు వశమయ్యెను. 2023 అక్టోబరు 7న హమాసు దాడిలో సుమారు 1,200 మంది మరణించిరి. దాని వెంట వచ్చిన యుద్ధమున గాజాలో పదులవేలమంది మరణించిరి. ఒక జనము చెర ముగిసినచోట వేరొక జనము చెర మొదలయ్యెనన్న మాట నేటికిని తీరని తగవుగా నున్నది.

ఇక రెండవ సీయోను కథకు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి జమైకాకు పోవలెను. 1655లో బ్రిటిషువారు ఈ ద్వీపమును స్పెయినునుండి గైకొని చెరకుతోటలు పెంచిరి. తోటలలో పనికై ఆఫ్రికా పశ్చిమతీరమునుండి లక్షలమందిని బానిసలుగా ఓడలలో కుక్కి తెచ్చిరి. 1834లో బానిసత్వము రద్దగునాటికి సుమారు 3 లక్షల బానిసలు అచ్చట ఉండిరి. పూర్తి స్వేచ్ఛ 1838లోగాని రాలేదు. నష్టపరిహారము యజమానులకు ముట్టెను, బానిసలకు కాదు. యజమానులు వారి భాషలను, దైవములను, పేర్లను మరపించి చేతికిచ్చినది బైబిలు. ఆ బైబిలులోనే వారు తమ కథను చదువుకొనిరి. ఓడలలో కొనిపోబడినవారు తాము; ఏటిగట్టున ఏడ్చినవారు తాము; బబులోను తమ నెత్తిపై నున్నది.

మరి ఇథియోపియా యేల? జమైకా నల్లవారి పూర్వులు ఆ దేశమువారు కారు. అది ఆఫ్రికా ఖండమునకు తూర్పుకొనన నున్నది. తెలుగు బైబిలులో కూషు అని యున్న అనేకస్థలములలో ఆంగ్ల బైబిలు ఇథియోపియా అనును. కావున ఆంగ్లము చదివిన నల్లవారికి ఆఫ్రికా అంతయు ఇథియోపియాయే. పైగా 1896లో అద్వా యుద్ధమున ఇటలీ సైన్యమును ఓడించి స్వతంత్రముగా నిలిచిన దేశమది. ఆ దేశపు క్రైస్తవులు తామే సీయోనునకు వారసులమని శతాబ్దములుగా నమ్ముచుండిరి. 14వ శతాబ్దమున కూర్చబడిన కెబ్ర నెగస్త్ అను వారి గ్రంథము ప్రకారము షేబ దేశపు రాణికి సొలొమోనువలన పుట్టిన మెనెలికు యెరూషలేమునుండి మందసమును ఇథియోపియాకు తెచ్చెను. అది అక్సూము పట్టణమున సీయోను మరియమ్మ ఆలయమున నున్నదని నేటికిని వారి విశ్వాసము. ఈ విధముగా సీయోను అను పేరు జమైకాకు చేరకముందే ఆఫ్రికాలో కాపురముండెను.

జమైకాలో 1887లో జన్మించిన మార్కస్ గార్వే 1914లో నల్లవారి అభ్యుదయమునకై ఒక సంఘమును స్థాపించి, అమెరికాలో లక్షలమందిని కూడగట్టెను. ఆఫ్రికా ఆఫ్రికావారిది కావలెననెను; నల్లవారి సొంత ఓడలకై 1919లో నౌకాసంస్థ నారంభించెను. చూచినవారు దీనిని నల్లవారి సీయోనువాద మనిరి. ఓడలు పాతవి, లెక్కలు చెడ్డవి; సంస్థ మునిగెను. గార్వే చెరసాలకు పోయి, 1927లో అమెరికానుండి వెడలగొట్టబడెను. ఆఫ్రికాలో నల్లరాజు పట్టాభిషేకమును కనిపెట్టుడని అతడు చెప్పెనని జమైకా పేదల నమ్మకము. 1930 నవంబరు 2న, బాల్ఫరు జాబునకు సరిగా పదుమూడేండ్లకు, ఇథియోపియాలో రాస్ తఫారి మకొన్నెన్ అను ప్రభువు హైలె సెలాసీ అను పేరుతో చక్రవర్తి యయ్యెను. రాస్ అనగా తల; అది ప్రభుపదవికి బిరుదు. రాజాధిరాజు, యూదా గోత్రపు సింహము అను బిరుదులు పత్రికలలో చదివిన జమైకావారిలో కొందరు, బైబిలు చెప్పిన రాజు ఇతడే యనిరి. రాస్తఫారి అను పేరు అట్లు పుట్టెను.

1933 ప్రాంతమున లెనార్డ్ హావెల్ అను బోధకుడు, జమైకా నల్లవారి రాజు ఇంగ్లండు రాజు కాడు, ఇథియోపియా చక్రవర్తి యని వీథులలో చాటెను. చక్రవర్తి పటములను షిల్లింగునకొకటి అమ్మెను; అవియే ఆఫ్రికాకు పాసుపోర్టులని కొన్నవారు నమ్మిరి. రాజద్రోహనేరముపై 1934లో అతనికి రెండేండ్ల శిక్ష పడెను. అతడు 1940లో స్థాపించిన పినకిల్ అను ఆశ్రమమును 1954లో పోలీసులు ధ్వంసము చేసిరి. ఆనాటి రాస్తఫారీలకు బబులోను ఏదియో వేరుగా చెప్పనక్కరలేదు: తలుపు విరుగగొట్టు పోలీసు, శిక్షవేయు న్యాయస్థానము, జీతమీయని తోట. ఈ కథలో భారతీయుల పాలు కొంత కలదు. 1845 మొదలు 1917 వరకు సుమారు 36,000 మంది భారతీయులు కూలియొడంబడికపై జమైకాకు పోయిరి. రాస్తఫారీలు ధ్యానమున వాడు మొక్కకు అచ్చట చెల్లు గంజా అను పేరు వారు తీసికొనిపోయినదే. తెలుగున గంజాయి యగు మాట అది.

ఈ సీయోనునకు మహాసభ లేదు, బ్యాంకు లేదు, సైన్యము లేదు. ఉన్నది మద్దెల. రాస్తఫారీల న్యాబింగి భజనలలో మూడు విధముల మద్దెలలుండును. పెద్దది ఉరుమువలె మ్రోగును; రెండవది గుండెకొట్టుకొనినట్లు విడువక నడచును; మూడవది వాటి పైపై పలుకును. కౌంట్ ఓసీ అను వాదకుడు ఈ మ్రోతను 1960 ప్రాంతమున గ్రామఫోను రికార్డులలోనికి తెచ్చెను. 1960వ దశకము చివర పుట్టిన రెగె సంగీతము ఆ మ్రోతతోనే ఈ మాటలను లోకమునకు చేర్చెను. 1970లో మెలోడియన్స్ అను బృందము 137వ కీర్తనను ఆధారముగా గొని ఒక పాట కట్టెను. అందు దైవనామమున్నచోట తమ చక్రవర్తిని స్మరించు పేర్లు నిలిపిరి. 1978లో బోనీ ఎం అను ఐరోపా బృందము అదే పాటను పాడి పెద్ద ప్రఖ్యాతి పొందెను. కాని ఆ పేర్లను తీసివేసి మరల బైబిలు మాటలనే పెట్టెను. యెరూషలేము చెరలో పుట్టిన పాట జమైకా చేరి ఇథియోపియా పాటయై, ఐరోపాలో నాట్యశాలల పాటయయ్యెను. పాడినవారిలో ఎందరికి అది ఏ సీయోనో తెలియును?

ఈ సంగీతమున అగ్రగణ్యుడు బాబ్ మార్లీ. 1977లో ఎక్సోడస్ అను పాటలోను, 1980లో జియోన్ ట్రెయిన్ అను పాటలోను అతడు ప్రయాణమును గూర్చి పాడెను. ఆ ప్రయాణమునకు రెండర్థములు కలవు. ఒకటి, ఆఫ్రికాకు శరీరముతో మరలిపోవుట. రెండవది, చెర నేర్పిన దాస్యబుద్ధిని విడిచి మనసుతో మరలిపోవుట. పేదరాస్తఫారికి మొదటిదానికి ఓడఖర్చు లేదు. రెండవది ఏ రాత్రియైనను మద్దెల దగ్గర సాధ్యము. అందుచేత కాలక్రమమున జమైకాలో సీయోను ఒక దేశముకంటె ఒక స్థితియై నిలిచెను.

అట్లని భూమి దొరకకపోలేదు. ఇటలీ దండయాత్రకాలమున తనకు తోడ్పడిన పడమటిదేశముల నల్లవారికి కృతజ్ఞతగా చక్రవర్తి, అడిస్ అబాబాకు దక్షిణమున షాషమనె యొద్ద తన సొంతభూమిలో 200 హెక్టారులు, అనగా సుమారు 500 ఎకరములు, ఇచ్చెను. ఈ దానము 1948నాటిదని చెప్పుదురు. 1955లో అది జమైకావారి చెవిని పడెను. కాని చేరినవారి లెక్కను వందలలోనే చెప్పుదురు. ఆ భూమికిని పూర్వకథ యొకటి కలదు. అచ్చటివారు ఒరోమో జనులు. 19వ శతాబ్దము చివర మెనెలికు సైన్యములు జయించిన ప్రాంతమది. చక్రవర్తి సొంతభూమి యనగా గెలిచిన నేల. 1974లో సైనికులు చక్రవర్తిని దింపిరి. 1975లో భూమియంతయు జాతీయము చేసిరి. వలసవచ్చినవారి చేతినుండి దానిలో అధికభాగము జారిపోయెను. వారి బిడ్డలు చాలకాలము ఏ దేశపు పౌరులును కాక బ్రదికిరి. 2017లో ఇథియోపియా ప్రభుత్వము వారికి గుర్తింపుపత్రములు ఇచ్చుటకు పూనుకొనెను.

1966 ఏప్రిలు 21న చక్రవర్తి జమైకాకు వచ్చినపుడు విమానాశ్రయమున సుమారు లక్షమంది మూగిరి. అతడు రాస్తఫారి పెద్దలతో, మొదట జమైకాలో విముక్తులు కండు, పిదప ఆఫ్రికాకు రండు అని చెప్పెనని ప్రతీతి. తాను మానవుడననియు స్పష్టముగా చెప్పెను. భక్తులు మాత్రము భక్తిని విడువలేదు. ఆ చక్రవర్తి జీవితమున ఒక ఘట్టము ఇచ్చట స్మరింపదగినది. 1936లో ఇటలీవారు రాజధానిని సమీపింపగా అతడు దేశము విడిచి మొదట పోయి తలదాచుకొన్నది యెరూషలేములోనే. ఎవరికి అతని రాజ్యము సీయోనో వారి రాజు, తన రాజ్యము పోయిన దినమున, ప్రాత సీయోనును వెదకుకొనుచు పోయెను.

ఇంతకంటె వింతయైన సంగమము మరియొకటి కలదు. ఇథియోపియా కొండలలో బేత ఇస్రాయేలు అను యూదులు యుగములుగా నివసించుచుండిరి. వారు ఏటేట సిగ్ద్ అను పండుగనాడు కొండ యెక్కి యెరూషలేమును తలచి ప్రార్థించిరి. 1984లో కరవు, యుద్ధము వారిని తరుమగా సూడానుగుండ నడచిపోవుచు వేలమంది దారిలో మరణించిరి. సుమారు 8,000 మందిని ఇస్రాయేలు విమానములలో తీసికొనిపోయెను. 1991 మే నెలలో 36 గంటలలో 14,000 మందికి పైగా కొనిపోబడిరి. జమైకాలో ఒకడు ఏ దేశమును సీయోను అని పాడుచుండెనో, ఆ దేశమునుండియే వేరొకడు సీయోనునకు విమానమెక్కెను. ఇరువురును నల్లవారే, ఇరువురును ఒకే గ్రంథము చదివినవారే. ఇందులో ఏది తప్పు అనుట తగదు. ఇల్లు పోయినవానికి ఇల్లు ఎక్కడనో దూరముననే యుండును.

వనవాసము చేసివచ్చినవానికి నేల అడుగు హక్కు కలదా అను ప్రశ్న భారతమంత ప్రాతది. అయిదూళ్లు చాలునని పాండవులు అడిగిరి. సూదిమొన మోపినంతయు ఈయనని దుర్యోధనుడనెను. పిదప ఏమయ్యెనో ఎల్లరు నెరుగుదురు. సీయోను కథలలో చిక్కు ఇంకను పెద్దది. ఏలననగా ఇచ్చట అడుగువాడును దుఃఖితుడే, ఇల్లు కోల్పోవువాడును దుఃఖితుడే. యూదుల సీయోనువాదము ఒక సత్యమును చూపెను: పాట ఒక్కటే హింసకుని చేతిని ఆపజాలదు, జనమునకు వాకిలి కావలెను. రాస్తఫారీల సీయోను మరియొక సత్యమును చూపెను: నేల చేతికి రాకపోయినను మనిషి తలయెత్తి నిలువవచ్చును, ఆ ధైర్యమును ఎవరి పొలమును త్రొక్కకయే పంచియీయవచ్చును. మొదటివారికి పాట చాలలేదు. రెండవవారికి దొరికిన కొద్దినేల నిలువలేదు.

రెండు కథలలోను ఒక లోపము సమానము. ఆశలోని దేశమును గూర్చి పాడునపుడు అచ్చట ఇప్పుడు ఎవరున్నారని ఎవరును అడుగలేదు. యెజ్రెయేలు లోయలోని కౌలుదారుగాని, షాషమనెలోని ఒరోమో రైతుగాని ఏ కీర్తనలోను కానరాడు. పాటలోని నేలకు పొలిమేర లేదు గనుక అందెందరికైనను చోటుండును. మట్టిలోని నేలకు పొలిమేర యుండును, పొలిమేర కీవల ఒకడు, ఆవల ఒకడు ఉందురు. ఇల్లు పోయినవాని దుఃఖమును రెండువేల యేండ్లు మరువక మోసిన పేరు సీయోను. ఆ పేరు పలుకువారు, తమవలెనే ఇల్లు పోయిన పొరుగువాని దుఃఖమును కూడ అందులో వినగలిగిననాడే ఆ పేరు పెట్టిన కొండపై శాంతి నెలకొనును.